మొదటి పుస్తకం అటకెక్కకుండా

(చెన్నైలో తెలుగు పాఠకులు, కొత్త రచయితల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

ఈ ఊళ్ళో నిలబడి పిల్లల కథల గురించి మాట్లాడుతూ చందమామ పేరు ఎత్తకపోతే బాగుండదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ఇక్కడే మొదలుపెట్టారు. అంతకు రెండేళ్ళ ముందే రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారి 'బాల' కూడా ఇక్కడి నుంచే వచ్చింది. ఆ రోజుల్లో కథ రాసి కవర్లో పెట్టి పోస్టు చేస్తే చాలు. దిద్దడం, బొమ్మలు వేయించడం, అచ్చు, అమ్మకం అన్నీ వాళ్ళే చూసుకునేవాళ్ళు. ఇప్పుడు మొదటి పుస్తకం తెచ్చేవాళ్ళు ఆ పనుల్లో సగమైనా తెలుసుకోక తప్పదు. ఉద్యోగం, వంట, పిల్లల హోంవర్కు, పెద్దవాళ్ళ మందులు ఎలాగూ ఉంటాయి. కాబట్టి కథ ఎలా రాయాలన్నది ఇవాళ నా విషయం కాదు. రాసిన కథ పుస్తకం ఎలా అవుతుంది, అందులో ఏ పని ఇంటి పనుల సందుల్లో చేసుకోవచ్చు, ఏది చేస్తే చెడుతుంది అన్నదే చెప్తాను.

బొమ్మల పుస్తకమంటే నాలుగొందల మాటలే కదా, కుక్కరు మూడు కూతలు వేసేలోపు అయిపోతుంది అనుకుని చాలామంది దిగుతారు. మొదటి ప్రతి నిజంగానే అయిపోతుంది. ఆ నాలుగొందల్ని మూడొందలు చేయడానికే నెలలు పడుతుంది. అక్కడ విసుగొచ్చి, ఎవరో తెలిసినాయనతో బొమ్మలు వేయించేసి, వెయ్యి కాపీలు కొట్టించేస్తారు. వంద పంచిపెడతారు, మిగతావి అట్టపెట్టెల్లో అటకెక్కుతాయి. నేను చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క ప్రమాదం గురించే అనుకోండి.

పనిని ముందు రెండుగా విడదీయండి. ముక్కలుగా చేసినా పాడవని పనులు కొన్ని ఉన్నాయి. పిల్లాడు అన్న ఓ చిత్రమైన మాటని ఫోన్లో రికార్డు చేసుకోవడం, నోట్సులో ఉన్నది టైపు చేయడం, ప్రచురణ సంస్థల నియమాలు చదవడం, మెయిల్ రాయడం, ఫారాలు నింపడం. ఇవి పెనం మీద దోసె కాలుతుండగా కూడా సాగుతాయి. ఫోన్లో తెలుగు వాయిస్ టైపింగు ఇప్పుడు బాగానే పనిచేస్తోంది. వత్తులు తప్పుగా పడితే తర్వాత దిద్దుకోవచ్చు.

ముక్కలు చేస్తే పాడయ్యేవి నాలుగే. కథని మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున రాయడం, కథ నడక మార్చే తిరగరాత, ఒప్పందం చదవడం, చివరి ప్రూఫు, అంటే అచ్చుకి ముందు తప్పులు వెతికే ప్రతి చూడటం. తిరగరాతలో రెండో పేజీలో తీసేసిన మేకపిల్ల పదిహేడో పేజీలో మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. మధ్యలో కాలింగ్ బెల్లుకి లేచి వెళ్తే ఆ సంగతి గుర్తుండదు. ప్రూఫు దగ్గర ఇంకా ఘోరం, చూడని పేజీని చూసేశామని నమ్మకంగా అనుకుంటాం. ఈ నాలుగింటికీ కనీసం గంటన్నర, రెండు గంటలు ఏకధాటిగా కావాలి. వారానికి ఒక్కసారి దొరికినా చాలు.

ఇంట్లో అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. "నాకు రాసుకోవడానికి కొంచెం టైము కావాలి" అంటే అందరూ సరే అంటారు, ఎవరూ ఇవ్వరు. "శనివారం ఏడు నుంచి తొమ్మిది దాకా నేను తలుపు వేసుకుంటాను, పాప స్నానం, టిఫిను మీవి, గ్యాసు బండి వస్తే మీరే తీసుకోండి" అని పని పేరు, మనిషి పేరు, గంట చెప్పి అడగాలి. అలా అడిగితే అత్తగారైనా, ఆయనైనా, ఆవిడైనా అవునో కాదో తేల్చి చెప్తారు. కాదంటే ఇంకో గంట చూసుకోవచ్చు. ఇంట్లో అస్సలు కుదరదనుకుంటే కోట్టూర్పురంలో అణ్ణా శతాబ్ది గ్రంథాలయం ఉంది. సొంత పుస్తకాలు, కాగితాలు తెచ్చుకుని కూర్చునే వీలుంది. అక్కడి పిల్లల విభాగంలో బొమ్మల పుస్తకాలు ఓ ముప్ఫై తిరగేయండి. ఏ పుస్తకంలో ఎన్ని పేజీలు, పేజీకి ఎన్ని మాటలు, ఏ పేజీలో అసలు మాటలే లేవు అని ఓ కాగితం మీద రాసుకోండి. ఆ ఒక్క కాగితం చాలా వర్క్‌షాపుల కంటే నయం.

ఇంటి క్యాలెండరుకీ పుస్తకం క్యాలెండరుకీ ముడిపెట్టుకోవాలి. ఇక్కడి బడుల్లో సెప్టెంబరులో క్వార్టర్లీ, డిసెంబరులో హాఫ్ ఇయర్లీ, మార్చి, ఏప్రిల్‌లో పెద్ద పరీక్షలు. ఆ వారాల్లో తిరగరాత పెట్టుకుంటే కథా చెడుతుంది, ఇల్లూ చెడుతుంది. ముక్కల పనులే పెట్టుకోండి. వేసవి సెలవుల్లో ఇంట్లో నిశ్శబ్దం ఉండదు, కానీ అపార్టుమెంటులో పిల్లలందరూ చేతికి అందుతారు. రాతకి అది పనికిమాలిన కాలం, కథని పరీక్షించడానికి అంతకంటే మంచి కాలం లేదు. ఇంకోవైపు హైదరాబాదు పుస్తక ప్రదర్శన డిసెంబరులో, విజయవాడది జనవరి మొదట్లో, మన నందనం వైఎంసీఏ మైదానంలో జరిగేదీ జనవరిలోనే. వాటికి పుస్తకం అందాలంటే అక్టోబరుకల్లా అచ్చుకి సిద్ధం కావాలి. బొమ్మలకి నాలుగైదు నెలలు వేసుకోండి. అంటే మే నెలాఖరు దాటాక కథలో ఒక్క మాట కూడా కదలకూడదు.

ఇప్పుడు అసలు పని. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

ఎనిమిది ఏ4 కాగితాలు తీసుకోండి. అన్నీ కలిపి మధ్యకి మడిచి, మడత మీద రెండు చోట్ల కుట్టండి. ముప్ఫై రెండు పేజీల పుస్తకం తయారైంది. అచ్చులో పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీల ఫారం వస్తుంది కాబట్టి బొమ్మల పుస్తకాలు ఎక్కువగా పదహారు, ఇరవై నాలుగు, ముప్ఫై రెండు పేజీల్లో ఉంటాయి. మధ్య కుట్టు పుస్తకమైతే పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడి తీరాలి. ఇరవై ఆరు పేజీల కథ అంటే రెండు పేజీలు ఖాళీగా పోవడమో, రెండు పేజీలు కోసేయడమో. ముప్ఫై రెండులో శీర్షిక పేజీ, ప్రచురణ వివరాలు, రచయిత పరిచయం పోతే కథకి పన్నెండు నుంచి పద్నాలుగు జతల ఎదురెదురు పేజీలు మిగులుతాయి. కథని ప్రింటు తీసి, కత్తెరతో కోసి, ఏ వాక్యం ఏ పేజీలో వస్తుందో అక్కడ అతికించండి. గమ్ము వద్దు, ఊడదీయగలిగే పేపరు టేపు చాలు. ఎందుకంటే ఇవి కనీసం పదిసార్లు చోటు మారతాయి.

అతికించాక దోషాలు వాటంతటవే బయటపడతాయి. ఒక పేజీలో అరవై మాటలు, పక్క పేజీలో మూడు. వరసగా నాలుగు జతల్లో ఇద్దరు ఒకే గదిలో మాట్లాడుకుంటూ ఉంటారు. పాపం, ఆ చిత్రకారుడు నాలుగుసార్లు అదే సోఫా వేయాలి. (నవ్వులు) పేజీ తిప్పగానే తెలియాల్సిన సంగతి తిప్పకముందే తెలిసిపోతుంది.

ఓ చిన్న నమూనా చూద్దాం. "చెట్టు మీదున్న కాకిపిల్ల కిందకి చూసి అక్కడున్న కుక్కపిల్లని చూడగానే భయపడిపోయి కొమ్మని గట్టిగా పట్టుకుంది." తప్పేమీ లేదు, వ్యాకరణం బావుంది. పుస్తకంలో మాత్రం ఇది నాలుగు పేజీలు. "చెట్టు మీద కాకిపిల్ల." ఒక పేజీ. "కిందకి చూసింది." ఇక్కడ ఆగాలి, పేజీ తిప్పాలి. తిప్పితే పేజీ నిండా కుక్కపిల్ల ముఖం, మాట లేదు. ఆ తర్వాత "అమ్మో! కొమ్మ ఏదీ, కొమ్మ?" భయపడిందని చెప్పక్కర్లేదు, కాకిపిల్ల కాళ్ళు చెప్తాయి. బొమ్మ చెప్పగలిగిన ప్రతి విశేషణాన్నీ కొట్టేయండి. ఎర్ర గౌను, పెద్ద చెట్టు, తెల్లటి మబ్బు అన్నీ పోతాయి. నాలుగొందలు మూడొందలు అయ్యేది ఇక్కడే.

ఇక చదివి చూడటం. సొంత పిల్లల మీద పరీక్ష పెట్టకండి. వాళ్ళకి అమ్మ గొంతు నచ్చుతుంది, నాన్న ఒళ్ళో కూర్చోవడం నచ్చుతుంది. కథ నచ్చిందో లేదో తేలదు. పక్కింటివాళ్ళ పిల్లలకి, మీ కథ ఎప్పుడూ చూడని పెద్దవాళ్ళెవరైనా పైకి చదవాలి. మీరు పక్కన పెన్సిలు పట్టుకుని కూర్చోండి. చదివేవాళ్ళు తడబడిన చోట ఒక గీత, పిల్ల పక్కకి చూసిన చోట ఒక చుక్క, పేజీ తిప్పేద్దామని చెయ్యి పెట్టిన చోట ఒక అడ్డగీత. "నచ్చిందా?" అని అడగకండి. మన పిల్లలు మర్యాదస్తులు, నచ్చిందనే అంటారు. రెండ్రోజులాగి కథ చెప్పమనండి. వాళ్ళు వదిలేసిన భాగం మీరు కూడా వదిలేయొచ్చేమో చూడండి.

చెన్నైలో ఇంకో సంగతి ఉంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడి, తెలుగు లిపి చదవలేని పిల్లలు మన చుట్టూ ఎంతోమంది. ఈ పిల్లలకి పుస్తకం కొనేదీ, చదివి వినిపించేదీ పెద్దవాళ్ళే. అలాంటి పుస్తకం చెవికి బాగుండాలి, వాక్యం ఒక ఊపిరిలో అయిపోవాలి. హైదరాబాదులోనో గుంటూరులోనో రెండో తరగతి పిల్ల తనంతట తాను చదువుకునే పుస్తకమైతే లెక్క వేరు. అప్పుడు సంయుక్తాక్షరాలు ఏరి తీసేయాలి. ఒత్తులు రాని వయసు పిల్లకి "ఆశ్చర్యం" అన్న ఒక్క మాటే గోడలా అడ్డం పడుతుంది. ఈ రెండింటిలో ఏది రాస్తున్నారో ప్రచురణ సంస్థకి పంపే మెయిల్లో మొదటి వాక్యంలోనే చెప్పాలి. రెండూ అంటే రెండూ కాదని అర్థం.

ఇంట్లో పిల్లల మాటలు, అల్లర్లు కథలోకి వస్తాయి, రానివ్వండి. పేరు, బడి, తరగతి మాత్రం మార్చండి. పక్క తడిపిన సంగతి నాలుగేళ్ళప్పుడు ముద్దుగానే ఉంటుంది. ఆ పిల్లాడు ఏడో తరగతికి వచ్చాక అదే పుస్తకం వాళ్ళ లైబ్రరీలో ఉంటుంది మరి.

ఎవరికి పంపాలి? మన ఊళ్ళోనే తూలిక ఉంది, 1996 నుంచి. ఒకే పుస్తకాన్ని ఇంగ్లీషుతో పాటు తెలుగు, తమిళం లాంటి భాషల్లో తెస్తారు. అలాంటి చోటికి పంపే కథ ప్రాసల మీద, మాటల విరుపుల మీద నిలబడితే కష్టం, ఇంకో భాషలోకి వెళ్ళగానే కూలిపోతుంది. తెలుగులోనే రావాల్సిన కథయితే హైదరాబాదులో మంచి పుస్తకం లాంటి సంస్థలు ఉన్నాయి. నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ళ నెహ్రూ బాల పుస్తకాలయం ఉంది. బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైటు 2015లో మొదలైంది. అందులో ఎవరైనా కథ పెట్టొచ్చు, అనువాదం చేయొచ్చు. కథలు అక్కడ నాలుగు స్థాయిలు. మొదటిది 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, ఆపైన నాలుగోది. సాధనకి మంచి చోటు. ఒక్కటి తెలుసుకుని పెట్టండి. అక్కడ పెట్టిన కథ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటుంది. మీ పేరు వేసి ఎవరైనా వాడుకోవచ్చు, అచ్చువేసి అమ్ముకోవచ్చు కూడా. అదే కథని తర్వాత ఇంకో ప్రచురణకర్తకి ఇస్తానంటే వాళ్ళు వెనకాడతారు. కాబట్టి మీకున్న వాటిలో అన్నిటికంటే మంచి కథని ముందే అక్కడ పెట్టేయకండి.

పంపే పద్ధతి గురించి త్వరగా చెప్పేస్తాను. కథ యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే తెలుగులో ఉండాలి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేయిస్తే అవతలివాళ్ళ కంప్యూటర్లో పిచ్చి గీతలు కనిపిస్తాయి, మార్పిడి చేస్తే వత్తులు చెదురుతాయి. బొమ్మలు వేయించి పంపకండి. చిత్రకారుల్ని వాళ్ళే ఎంచుకుంటారు, మీరు పెట్టిన డబ్బు మట్టిలో పోసినట్టే. బొమ్మ లేకపోతే అర్థం కాని చోట మాత్రం బ్రాకెట్లో ఒక్క ముక్క రాయండి. మెయిల్ ఆరు వాక్యాలు దాటకూడదు. ఏ వయసుకి, ఎన్ని మాటలు, కథ రెండు వాక్యాల్లో, మీరెవరు, ఇంకెవరికైనా పంపారా. "మా పిల్లలకి భలే నచ్చింది" అన్న వాక్యం వద్దు, అందరి పిల్లలకీ నచ్చుతుంది. ఆ తర్వాత నెలల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు. మూడు నెలలాగి ఒకే ఒక్కసారి మర్యాదగా అడగండి. ఈలోపు రెండో కథ మొదలుపెట్టండి. ఇంట్లో పనున్నవాళ్ళకి ఈ నిరీక్షణ ఒకరకంగా వరమే, పరీక్షలూ పెళ్ళిళ్ళూ అన్నీ ఇందులో సర్దుకుంటాయి.

కథ తీసుకున్నారనుకోండి, ఒప్పందం వస్తుంది. సంతోషంలో చదవకుండా సంతకం పెట్టేస్తారు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. హక్కులు రాసివ్వడం కాగితం మీద, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళనీ, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకనీ చట్టమే అనుకుంటుంది. హక్కు తీసుకున్నవాళ్ళు ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరేగా లేకపోతే, అది మీకే తిరిగొస్తుంది. అందుకే "అన్ని హక్కులు, శాశ్వతంగా, అన్ని భాషల్లో" అని కనిపిస్తే కలం కింద పెట్టి అడగండి. అనువాదం, ఆడియో, యానిమేషన్ విడివిడిగా రాయించుకోండి. డబ్బు రెండు రకాలు. ఒకేసారి ఇచ్చేసే మొత్తం, లేదా రాయల్టీ, అంటే అమ్ముడైన ప్రతి కాపీ మీద వాటా. రాయల్టీ పదిశాతం అంటే బొమ్మల పుస్తకంలో సాధారణంగా అది ఇద్దరిదీ, సగం చిత్రకారులది. వంద రూపాయల పుస్తకం వెయ్యి కాపీలు అమ్ముడైతే మీ వాటా అయిదు వేలు. దాని మీద ఇంటి బడ్జెట్ వేయకండి. పదిశాతం ముద్రిత ధర మీదా, లేక తగ్గింపులు పోగా వచ్చిన డబ్బు మీదా అన్నది మాత్రం తప్పక అడగాలి. రెంటికీ చాలా తేడా ఉంటుంది.

సొంతంగా వేసుకుంటాననే వాళ్ళని నేను ఆపను. కాకపోతే ముందు నూట యాభయ్యో, రెండొందలో డిజిటల్‌లో, అంటే ప్లేట్లు లేకుండా నేరుగా ఫైలు నుంచి వేసే అచ్చులో వేయించండి. ప్లేట్లు చేసి వేసే ఆఫ్‌సెట్‌లో ఆ ప్లేట్ల ఖర్చు వంద కాపీలకైనా, వెయ్యికైనా అంతే. అందుకే ప్రెస్సాయన "ఇంకో వంద వేసుకోండి మేడమ్, కాపీ ఖర్చు తగ్గుతుంది" అంటాడు. లెక్క నిజమే, అటక మీద చోటు మాత్రం మీది. పంపిణీదారులకి ఇచ్చే తగ్గింపు ధరలో సగం దాకా పోవచ్చు. అందువల్ల అచ్చు ఖర్చు ధరలో మూడోవంతు దాటితే బొమ్మలకీ, పోస్టుకీ పోగా చేతిలో ఏమీ మిగలకపోవచ్చు. చిత్రకారులతో హక్కుల సంగతి, రెండో ముద్రణకి ఎంత ఇస్తారన్న సంగతి ముందే కాగితం మీద పెట్టండి, స్నేహితులైనా సరే.

అచ్చుకి పోయే ఫైలు దగ్గర తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే చిక్కులున్నాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్లో వరల్డ్-రెడీ కంపోజర్ అన్న సెట్టింగు పెట్టకపోతే యూనికోడ్ తెలుగు విరిగిపోతుంది, వత్తులు పక్కకి జరుగుతాయి. ఇక్కడి ప్రెస్సుల్లో తెలుగు చదవగలిగేవాళ్ళు ఉంటారన్న నమ్మకం లేదు. శివకాశికి పంపినా అంతే. విరిగినా వాళ్ళకి తెలియదు. పీడీఎఫ్‌లో "స్త్రీ", "రాష్ట్రం", "క్ష" ఉన్న చోట్లు వెతికి చూడండి. తెలుగులో వత్తులు కిందకి దిగుతాయి కాబట్టి ఇంగ్లీషు పుస్తకం కంటే వరసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడిదీర్ఘాన్ని తాకుతుంది. చిన్నపిల్లలకి అక్షరాల సైజు పద్దెనిమిది పాయింట్లకి తగ్గొద్దు. అక్షరాలు ఒక్క నలుపు సిరాలోనే ఉండాలి. నాలుగు రంగులు కలిసిన నలుపు అయితే ప్లేటు కాస్త జరిగినా అక్షరం చుట్టూ రంగు నీడ పడుతుంది. బొమ్మలు 300 డీపీఐ (అంగుళానికి మూడొందల చుక్కలు), సీఎంవైకే (అచ్చు వాడే నాలుగు సిరాల రంగులు), చుట్టూ మూడు మిల్లీమీటర్ల బ్లీడు (కోతలో పోయే అదనపు అంచు). ముఖ్యమైన ముఖం మధ్య మడతలో పడకూడదు. స్క్రీను మీద వెలిగిపోయే ఆకుపచ్చ కాగితం మీద మసకబారుతుంది. అందుకని ఒక్క ఫారమైనా రంగు ప్రూఫు చూడకుండా ఓకే అనొద్దు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒకరు: ఐఎస్‌బీఎన్‌కి ఏజెంటు మూడు వేలు అడుగుతున్నాడండీ, ఇవ్వొచ్చా?)

వద్దమ్మా. మన దేశంలో ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ వాళ్ళ వెబ్‌సైట్లో రచయితలు సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. గుర్తింపు పత్రం, శీర్షిక పేజీ లాంటివి అప్‌లోడ్ చేయాలి. ఇది దోసెల టైములో చేసుకునే పనే. అట్ట డిజైను ఖరారు అయ్యే ముందే పెట్టుకోండి, వెనక అట్ట మీద బార్‌కోడు రావాలి కదా. ఆ నంబరు కాపీరైటు కాదు, అది వేరు. కాపీరైటు మీరు రాసిన రోజు నుంచే ఉంటుంది, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు.

(ఇంకొకరు: సొంతంగా వేసుకుంటే లైబ్రరీలకి పంపాలంటున్నారు, నిజమేనా?)

నిజమేనండి. 1954 నాటి చట్టం ఉంది. పుస్తకం వెలువడిన ముప్ఫై రోజుల్లోగా ప్రచురించినవాళ్ళు తమ ఖర్చుతో నాలుగు గ్రంథాలయాలకి ఒక్కో కాపీ ఇవ్వాలి. కోల్‌కతాలో జాతీయ గ్రంథాలయం, ముంబయి, ఢిల్లీల్లో ఒక్కొక్కటి, నాలుగోది మన ఎగ్మూరులో కన్నెమరా. సొంతంగా వేసుకుంటే ప్రచురణకర్త మీరే. మూడు పోస్టులో వేసి, నాలుగోది వెళ్ళి ఇచ్చి రసీదు తీసుకోండి. రెండొందల కాపీల లెక్క వేసుకునేటప్పుడు ఆ నాలుగూ ముందే పక్కన పెట్టుకోండి.